మచ్చల చికిత్సా రంగం: వైద్యం, సౌందర్యం కలిసే చోట కెరీర్ మార్గాలు

మొటిమలు, కాలిన గాయాలు, ప్రమాదాలు, శస్త్రచికిత్సలు చర్మంపై మిగిల్చే మచ్చలను పూర్తిగా చెరిపివేయగల పద్ధతి ఇప్పటికీ లేదు. అయితే వాటి ఎత్తును, గట్టిదనాన్ని, దురదను, రంగు తేడాను, కదలికలకు అవి కలిగించే అడ్డును గణనీయంగా తగ్గించడం సాధ్యమే. ఇందుకు చర్మవైద్యుడు, ప్లాస్టిక్ సర్జన్, ఫిజియోథెరపిస్టు, నర్సు, సౌందర్య నిపుణులు ఒకరి పనిని మరొకరు అందుకుంటూ సాగాలి. ఈ రంగంలోకి రాదలచిన విద్యార్థి ముందుగా ఈ బృందంలో తన స్థానం ఏదో, దాని హద్దులేమిటో తెలుసుకోవాలి.

మచ్చ స్వభావం

గాయం మానేటప్పుడు శరీరం కొలాజెన్ అనే పీచు ప్రోటీన్‌తో ఆ ఖాళీని పూడుస్తుంది. ఈ పీచు క్రమంగా సర్దుకునే దశ ఏడాది, ఒక్కోసారి అంతకు మించి కూడా కొనసాగుతుంది. ఆ తర్వాత కూడా మానిన చోటి బలం మామూలు చర్మపు బలంలో సుమారు 80 శాతాన్ని మించదు. కొలాజెన్ తక్కువైతే మొటిమల అనంతరం కనిపించే గుంట మచ్చలు ఏర్పడతాయి. ఎక్కువైతే గాయం హద్దుల్లోనే ఉబ్బి ఉండే హైపర్‌ట్రోఫిక్ మచ్చ గానీ, ఆ హద్దులు దాటి పక్కనున్న మంచి చర్మంలోకి పాకే కీలాయిడ్ గానీ తయారవుతుంది. భారతీయుల చర్మంలో రంగునిచ్చే కణాలు చురుకుగా ఉండడం వల్ల, గాయమే కాక చికిత్స కూడా నల్లని మరకను మిగిల్చే ప్రమాదం ఉంది. అందుకే చికిత్సలో వాడే లేజర్ తీవ్రతను ఆచితూచి నిర్ణయించాలి.

చికిత్సల మేళవింపు

కీలాయిడ్‌ను కేవలం కోసి తీసివేస్తే అది తరచుగా తిరిగి పెరుగుతుంది కనుక, కోతకు తోడుగా ట్రయామ్సినోలోన్ అనే స్టెరాయిడ్‌ను మచ్చలోకే ఇంజెక్షన్‌గా ఇవ్వడం, సిలికాన్ జెల్ షీట్లు అంటించడం వంటివి చేస్తారు. గుంట మచ్చల విషయంలో, చర్మాన్ని లోపలికి లాగిపట్టే పీచుతీగలను సూదితో తెంచే సబ్‌సిషన్‌ను, 2004లో పరిశోధకులు పరిచయం చేసిన ఫ్రాక్షనల్ లేజర్ విధానాన్ని కలిపి వాడడం పరిపాటి. ఈ లేజర్ చర్మంపై అతి సూక్ష్మమైన గాయాలను వరుసగా చేసి, వాటి మధ్యనున్న చర్మాన్ని తాకకుండా వదిలేస్తుంది. ఆ మంచి చర్మమే మాన్పును వేగవంతం చేస్తుంది.

కాలిన గాయం మోచేతి మడత మీదుగా మానినప్పుడు మచ్చ బిగిసి చేయి పూర్తిగా చాపలేని స్థితి వస్తుంది. దీన్ని కాంట్రాక్చర్ అంటారు. సర్జన్ ఆ బిగువును విడదీసి, వేరే చోటి చర్మాన్ని అతికించిన తర్వాత, ఫిజియోథెరపిస్టు స్ప్లింట్ కట్టి వ్యాయామాలు చేయిస్తారు. కొలతలకు కుట్టిన ఒత్తిడి తొడుగును స్నానం వేళలు మినహా రోజుకు దాదాపు 23 గంటలు నెలల తరబడి ధరించాలి. ఈ శ్రద్ధ లోపిస్తే విజయవంతమైన శస్త్రచికిత్స సైతం క్రమంగా ఫలితాన్ని కోల్పోతుంది.

కోర్సులు, అర్హతలు

చర్మవైద్యుడు కావాలంటే ఇంటర్మీడియెట్ బైపీసీ తర్వాత నీట్-యూజీ ద్వారా ఎంబీబీఎస్‌లో చేరి, ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్లు చదివి, నీట్-పీజీ ర్యాంకుతో మూడేళ్ల ఎండీ డెర్మటాలజీ, వెనిరియాలజీ, లెప్రసీ కోర్సు పూర్తిచేయాలి. ప్లాస్టిక్ సర్జరీకి సాధారణంగా ఎంఎస్ జనరల్ సర్జరీ అనంతరం నీట్-ఎస్‌ఎస్ ద్వారా మూడేళ్ల ఎంసీహెచ్‌లో ప్రవేశం లభిస్తుంది. అంత సుదీర్ఘమైన చదువు వీలుకానివారికి ఫిజియోథెరపీ డిగ్రీ, నాలుగేళ్ల బీఎస్సీ నర్సింగ్ ఉన్నాయి. వీటి ప్రవేశ ప్రకటనల కోసం ఆంధ్రప్రదేశ్‌లో విజయవాడలోని డాక్టర్ ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయాన్ని, తెలంగాణలో వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయాన్ని గమనిస్తుండాలి.

సౌందర్య కళ తెలిసినవారికి, మచ్చలు కనబడకుండా కప్పే కామఫ్లాజ్ మేకప్ విశిష్టమైన అవకాశం. ఇది మామూలు అలంకరణ కాదు. ముందుగా చిన్న చోట రాసి అలర్జీ లేదని నిర్ధారించుకుని, పగటి వెలుతురులో చర్మపు ఛాయను పోల్చి, రెండు మూడు రంగులు కలిపి, ఎర్రని మచ్చకు అడుగున ఆకుపచ్చ పూత వేసి, పలుచని పొరలుగా అద్ది, చివర పౌడరుతో స్థిరపరిచే ఈ పనికి ఓర్పు, కంటి నైపుణ్యం కావాలి. గాయం పూర్తిగా మానకముందు దీన్ని వాడరాదు.

సామాజిక ప్రాధాన్యం, హద్దులు

తీవ్రమైన మచ్చలు మిగిల్చే యాసిడ్ దాడులకు సంబంధించిన ఒక కేసులో సుప్రీంకోర్టు 2013లో యాసిడ్ అమ్మకాలపై ఆంక్షలు విధించి, 2015లో ప్రైవేటు ఆసుపత్రులు సైతం బాధితులకు పునర్నిర్మాణ శస్త్రచికిత్సలతో సహా పూర్తి ఉచిత వైద్యం అందించాలని ఆదేశించింది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఈ బాధితులను దివ్యాంగులుగా గుర్తించింది. మనోవైద్య సహాయం, పునరావాసం కూడా ఈ సేవలో భాగమే కనుక, సైకాలజీ, సోషల్ వర్క్ చదివినవారికీ ఇక్కడ స్థానముంది.

కొద్దిరోజుల సర్టిఫికెట్ కోర్సుతో లేజర్, ఇంజెక్షన్లు చేయవచ్చని చెప్పే ప్రకటనలను నమ్మరాదు. వర్క్‌షాపుల్లోనో, యూట్యూబ్‌లోనో చూసి నేర్చుకున్నది సౌందర్య శస్త్రచికిత్సలు ప్రారంభించడానికి చాలదని జాతీయ వైద్య కమిషన్ 2022లోనే స్పష్టంచేసింది. అర్హత లేని చేతిలో లేజర్ కొత్త మచ్చలను సృష్టిస్తుంది. కాబట్టి విద్యార్థులు ఫీజు చెల్లించే ముందే కోర్సుకు ఏ మండలి గుర్తింపు ఉందో, దానితో చట్టబద్ధంగా ఏయే పనులు చేయవచ్చో రాతపూర్వకంగా తెలుసుకోవాలి. తమ హద్దును ఎరిగి, అవసరమైనప్పుడు రోగిని సరైన నిపుణుడి వద్దకు పంపగలిగినవారే ఈ వృత్తిలో నమ్మకాన్ని, స్థిరత్వాన్ని సంపాదించుకుంటారు.