టీవీ గేముతో లాప్‌టాప్ – ముందు కరెంటు లెక్క



లాప్‌టాప్ అంటే మనకు అందని వస్తువు అనుకుంటా ఉంటాము. కానీ తిరునాళ్లలో కొనే టీవీ వీడియో గేము కూడా ఒక చిన్న కంప్యూటరే. ఈసారి సైన్సు మూలలో దాన్ని లాప్‌టాప్‌గా మార్చడం ఎట్లాగో తెలుసుకుందాము. మేము చేసిన తప్పు కూడా దాచకుండా రాస్తున్నాము.

1. గేము పెట్టె కంప్యూటరు ఎట్లా అవుతుంది?

జపాన్ కంపెనీ నింటెండో 1983లో ఫ్యామికామ్ అనే గేము పెట్టెను అమ్మింది. మన అంగళ్లలో దొరికిన టీవీ గేములు చాలావరకు దాని నకళ్లే. ఫ్యామికామ్‌లో 8 బిట్ ప్రాసెసర్, పని చేసుకునేదానికి 2 కిలోబైట్ల మెమరీ ఉంటాయి. అంటే సుమారు 2,000 ఇంగ్లీషు అక్షరాలు పట్టేంత చోటు. 1984లో నింటెండోనే దానికి కీబోర్డు, బేసిక్ భాష ఉన్న క్యాసెట్ తెచ్చింది. తర్వాత కీబోర్డు ఆకారంలోనే నకలు గేములూ వచ్చినాయి. ఇట్లాంటి దానికి సొంత తెర, సొంత బ్యాటరీ, మడిచే పెట్టె చేరిస్తే లాప్‌టాప్ అవుతుంది.

2. మేము చేసిన తప్పు

మొదటి గేము 6వ తరగతి తమ్ముడిది. వాళ్ల నాయన పుంగనూరులో కొనిచ్చినాడు. అడాప్టర్ పిన్నులో మధ్యది ప్లస్ అనుకొని బ్యాటరీ వైర్లు కలిపినాము. చాలా వస్తువులకు అట్లే ఉంటుంది. ఈ గేముకు మాత్రం మధ్యది మైనస్. ఒక్క నిమిషంలో పొగ వచ్చింది, లోపల కెపాసిటర్ ఉబ్బిపోయింది. అడాప్టర్ మీద ఆ గుర్తు అచ్చు వేసే ఉండాది. మేమే చూడలేదు.

ఆ తమ్ముడు ఏడవలేదు. "అన్నా, మళ్లా చేస్తామా?" అని అడిగినాడు. మాకు అన్నం సయించలేదు. సారుకు చెప్పినాము. "ముందు లెక్క, తర్వాతే స్క్రూడ్రైవర్" అనినాడు సారు. మదనపల్లెలో పాత సామాన్ల అంగడిలో కీబోర్డు ఉన్న గేము ఇంకొకటి దొరికింది. ఈసారి లెక్కతో మొదలుపెట్టినాము.

3. లెక్క

వోల్టులు × ఆంపియర్లు = వాట్లు. ఈ ఒక్కటి వస్తే చాలు.

తెర: కారు వెనక్కి తీసేటప్పుడు వెనుక దారి చూపించే చిన్న తెర. గేము నుంచి వచ్చే పసుపు వైరు దీనికి సరిపోతుంది. 12 × 0.3 = 3.6 వాట్లు.
గేము: 9 × 0.4 = 3.6 వాట్లు.
రెండూ కలిపి 7.2. వృథా అయ్యేది చేర్చి 8 వాట్లు అనుకుందాము.
బ్యాటరీ: యూపీఎస్‌లో వాడే 12 వోల్టులు, 7 ఆంపియర్ అవర్ల బ్యాటరీ. 12 × 7 = 84 వాట్ అవర్లు.
84ను 8తో భాగిస్తే పదిన్నర గంటలు. కానీ ఈ బ్యాటరీని పూర్తిగా తాగేస్తే తొందరగా చెడిపోతుంది. సగమే వాడాలి. అంటే సుమారు 5 గంటలు.

4. చేసే విధానం

(అ) అడాప్టర్ మీద గుర్తు చూసి, మల్టీమీటర్‌తో ప్లస్, మైనస్ రెండుసార్లు పరీక్షించండి.
(ఆ) 12 వోల్టులను 9కి దించే చిన్న బోర్డు పెట్టండి. గేముకు కలపకముందే మీటరుతో 9 వచ్చిందో లేదో చూడండి.
(ఇ) బ్యాటరీ ప్లస్ వైరుకు దగ్గరలోనే 1 ఆంపియర్ ఫ్యూజు, దాని తర్వాత స్విచ్చు.
(ఈ) తెర వైర్లు నేరుగా 12 వోల్టులకు, గేము వైర్లు బోర్డు నుంచి. అతుకులకు టంకం వేసి టేపు చుట్టండి.
(ఉ) రెండు ప్లైవుడ్ పలకలకు చిన్న తలుపు బందులు వేయండి. పైన తెర, కింద గేము. బ్యాటరీ రెండు కిలోలకు పైనే తూగుతుంది, కాబట్టి అది కింది పలకలోనే ఉండాలి.

జాగ్రత్త: పెద్దవాళ్లు పక్కన లేకుండా చేయవద్దు. ఇంటి కరెంటుతో నడిచే దేన్నీ విప్పవద్దు. లిథియం సెల్లుల జోలికి పోవద్దు, తప్పుగా కలిపితే మంట వస్తుంది. ఈ బ్యాటరీకి సరైన ఛార్జరే వాడండి.

5. పెద్ద గేముకు ఇదే లెక్క

అమెరికాలో బెన్ హెకెండార్న్ అనే ఆయన 2006లో ఎక్స్‌బాక్స్ 360 గేమును లాప్‌టాప్ ఆకారంలోకి మార్చినాడు. తెర, కీబోర్డు అన్నీ ఉన్నాయి. కానీ దాన్ని గోడ ప్లగ్గుకే పెట్టాలి. ఎందుకు? ఆ గేము 150 వాట్లకు పైగా తాగుతుంది. మన 84 వాట్ అవర్ల బ్యాటరీలో సగమే వాడితే దానికి అరగంటైనా రాదు. మన పాత గేము బలం తక్కువది. అందుకే మనతో నడిచి వస్తుంది.

మన పక్కనే కుప్పంలో 2002లో హ్యూలెట్ ప్యాకర్డ్ కంపెనీ, ప్రభుత్వం కలిసి ఐ-కమ్యూనిటీ అని ఒక పని మొదలుపెట్టినారు. ఊళ్లలో కంప్యూటరు కేంద్రాలు పెట్టినారు. సంఘం ఆడవాళ్లకు డిజిటల్ కెమెరా, ప్రింటరుతోబాటు సోలార్ పలక కూడా ఇచ్చినారు. కరెంటు లేని చోటికి యంత్రం పోవాలంటే దాని కరెంటు కూడా వెంట పోవాలి కదా!

6. దీంతో ఏం చేయొచ్చు?

ఇంటర్నెట్ రాదు. సినిమా రాదు. స్విచ్చు ఆపితే రాసింది పోతుంది. కానీ బేసిక్ భాషలో మనం చెప్పిన మాట ఇది వింటుంది. పోయిన ఆదివారం హాస్టల్లో కరెంటు పోయినప్పుడు మొదటి వంతు ఆ 6వ తరగతి తమ్ముడికే ఇచ్చినాము. వాడు ప్రింట్ అని కొట్టి 12*7 అడిగినాడు. తెర మీద 84 వచ్చింది.

ఆలోచించండి: 5 వాట్లు తాగే తెర పెడితే, వృథా 0.8 వాట్లే అనుకుంటే, సగం బ్యాటరీతో ఎన్ని గంటలు వస్తుంది? జవాబు రాసి సైన్సు పెట్టెలో వేయండి. సరిగా రాసినవాళ్లకు తర్వాతి వంతు.