మంచు గోపురం కడదామా?



మొన్న సైన్సు పీరియడ్‌లో సారు "మన ఎత్తిపోతల గడ్డకడితే ఎట్టా ఉంటది?" అని అడిగారు. అందరం నవ్వాం. స్టడీ అవర్లో మాత్రం నాకు అదే ఆలోచన. తెలుసుకున్నది రాస్తున్నాను.

చంద్రవంక వాగు ఇక్కడ సుమారు 70 అడుగుల ఎత్తు నుంచి దూకుతుంది. పల్నాడులో నీళ్లు గడ్డకట్టేంత చలి రాదు. లడఖ్‌లో వస్తుంది. అక్కడ సోనమ్ వాంగ్‌చుక్ అనే ఇంజనీరు 2013లో మంచు స్తూపం కట్టి చూపించారు.

కట్టే విధానం

మోటారు అక్కరలేదు. వాగు ఎగువ నుంచి గొట్టం వేసి పల్లానికి తెస్తారు. నీరు తన మట్టానికి తాను చేరాలని చూస్తుంది. కాబట్టి నిలబెట్టిన గొట్టం కొసన పైకి చిమ్ముతుంది. చలికి ఆ తుంపర్లు పడినచోటే గడ్డకడతాయి. 1 గ్రాము నీరు గడ్డకట్టాలంటే 80 కెలోరీల వేడి వదలాలి. అందుకే ధారగా కాక తుంపర్లుగా చల్లుతారు. పొర మీద పొర పేరి గోపురం లేస్తుంది.

ఎక్కే విధానం

బూట్లకు ఇనుప ముళ్లు కడతారు. రెండు చేతుల్లో చిన్న గొడ్డళ్లు. నడుముకి తాడు, దాని రెండో కొస కింద నిలబడ్డవాళ్ల చేతిలో. మూడుచోట్ల పట్టు ఉంచి నాలుగోది కదపాలి. బరువు కాళ్ల మీద వెయ్యాలి, చేతుల మీద కాదు.

ఇది మనవల్ల కాదనుకోకండి. మాలావత్ పూర్ణ మా లంబాడీ పిల్లే, గురుకులంలో చదివింది. భువనగిరి గుట్ట మీద మొదలుపెట్టి, డార్జిలింగ్‌లో, లడఖ్ చలిలో శిక్షణ పొందింది. 2014 మే 25న ఆనంద్ కుమార్‌తో కలిసి ఎవరెస్టు ఎక్కింది. అప్పటికి ఆమెకు 14 ఏళ్లు నిండలేదు.

హెచ్చరిక: తాడు, నేర్పేవాళ్లు లేకుండా ఎత్తిపోతల రాళ్లు ఎక్కొద్దు. నాచు జారుతుంది. కింద మడుగులో మొసళ్లున్నాయి.

నేను చేసిన ప్రయోగం

సోడాబండి దగ్గర ఐసు తెచ్చి రెండు సమ భాగాలు చేశాను. ఒకటి గడ్డగానే ఉంచాను, రెండోది నలగ్గొట్టి పళ్లెంలో పరిచాను. రెండూ ఎండలో పెట్టాను. పరిచినది ముందే కరిగిపోయింది. గడ్డకి ఎండ తగిలే పైభాగం తక్కువ. స్తూపం కుప్పగా ఉండేది అందుకే. అది వసంతంలో మెల్లగా కరిగి, విత్తనాలేసే రైతుకి నీళ్లిస్తుంది.

మనకేం లాభం?

మా తండాలో మార్చి వస్తే యాడి రెండు బిందెలతో బోరు దగ్గర వరుసలో నిలబడుతుంది. మా కుంట వెడల్పు, లోతు లేదు. పళ్లెంలో ఐసు లాగే ఆ నీళ్లు ఎండకి ఆవిరైపోతాయి. మనం మంచు కట్టలేం. కుంటని లోతు చెయ్యగలం. సెలవులకి వెళ్లినప్పుడు ఈ మాట మా నాన్నకి పళ్లెం పెట్టి చూపిస్తాను.

మీరు చెప్పండి

1. మీ ఊరి కుంట లోతెంత?
2. అందులో నీళ్లు ఏ నెలదాకా ఉంటాయి?

జవాబులు ఈ గోడ మీదే అంటించండి.

— 9వ తరగతి విద్యార్థి