గన్నేరు – కుండయొద్ద వినబడిన కేక

చదువవలసిన భాగము: 2 రాజులు 4:38–41

గజపతినగరము మొదలు బొబ్బిలి వరకు ఏ పల్లెకు పోయినను నూతిగట్టునను దొడ్డిలోను గన్నేరు కనబడును. మే నెల ఎండలలో సయితము అది పూయుచుండును. ఇది మన దేశమునకే చెందినది కాదు. మధ్యధరా సముద్రతీర దేశములలో వాగుల వెంబడి పెరుగును. యొర్దాను ఒడ్డునను గలిలయ సముద్రపు దరిని నేటికిని గులాబివన్నె పూలతో నిలిచియున్నది.

ఈ అందమైన చెట్టు వేరు మొదలు పువ్వు వరకు విషమే. ఆకు ఎండినను విషము పోదు. సంస్కృతములో దీనికి అశ్వమారకము, అనగా గుఱ్ఱమును చంపునది, అని పేరు. అయినను పెద్దలు వేరు నూరి చర్మరోగములకు పైపూతగా వాడిరి. ఆయుర్వేదము దీనిని ఉపవిషములలో చేర్చి, శుద్ధి చేయక వాడరాదనెను. ఇందలి విషము గుండె నడకను చెరుపును. 1785లో ఇంగ్లాండు వైద్యుడు విలియం విథరింగ్ వివరించిన డిజిటాలిస్ మందు గుణమును ఇట్టిదే. ఆ మందును కొలత యెరిగిన వైద్యుడే ఇయ్యవలెను. ఇక గన్నేరు కషాయమునకు ఇంటిలో కొలత చెప్పువారెవరు?

గిల్గాలులో కరవు దినములయందు ఒకడు తెలియక అడవితీగె కాయలు ఒడినిండ తెచ్చి వంటకుండలో తరిగివేసెను. అవి గన్నేరు కావు. చేదుపుచ్చకాయలని పలువురు పండితుల తలంపు. తెచ్చినవాడు దుష్టుడు కాడు, ఎరుగనివాడు. తిన్నవారు సిగ్గుపడి మ్రింగి ఊరకుండలేదు, వెంటనే కేకవేసిరి. ఎలీషా వేసిన పిండి దేవుని కార్యము. అది మనకు వైద్యపు చీటి కాదు. మనము నేర్వవలసినది ఆ కేక.

మన ఊళ్లలో ఆ కేకయే అణగిపోవుచున్నది. బిడ్డ ఆకు నమిలినను, దుఃఖములోనున్నవారు విషము పుచ్చుకొనినను, పరువు పోవునని, పోలీసులు వత్తురని దాచి, చింతపండు నీళ్లు పట్టుదురు. అట్లు చేయకుడి. బలవంతముగా కక్కింపకుడి. 108కు పిలిచి పెద్దాసుపత్రికి చేర్చుడి. తిన్నదాని కొమ్మను వైద్యునికి చూపుడి. తొలుత బాగున్నట్లు కనబడినను, కొన్ని గంటల తరువాత గుండె లయ తప్పవచ్చును. వేళకు చేరినవారిలో అనేకులు బ్రదుకుచున్నారు. ప్రాణము తీసికొనబోయినవారిని తీవ్రమైన వేదనలోనున్నవారిగా ఎంచవలెనని, శిక్షింపరాదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము చెప్పుచున్నది. సంఘము అంతకంటె కఠినముగా నుండవచ్చునా? మనస్సు క్రుంగినవారు 14416కు ఫోను చేసి మాటలాడవచ్చును.

ఆలోచించుడి:
1. మన దొడ్డిలోని గన్నేరు సంగతి పిల్లలకు చెప్పితిమా?
2. పొరపాటు జరిగిన దినమున మన యింటివారు మన యెదుట భయములేక కేకవేయగలరా?