క్లాస్ సిక్స్ సర్టిఫికెట్ చూసి ఆర్డర్ పెట్టకండి

అమలాపురంలోనో రాజోలులోనో చదువుకుని, బయోటెక్ పట్టాతో శామీర్‌పేట జీనోమ్ వ్యాలీలో టిష్యూ ఇంజినీరింగ్ ల్యాబ్‌లో చేరారనుకోండి. బయోరియాక్టర్ విడిభాగాలు తెప్పించే పని మీ నెత్తిన పడొచ్చు. గుమాస్తా పనిలా కనిపిస్తుంది గానీ, కణాలు చచ్చిపోతే మొదట అడిగేది మిమ్మల్నే.

వెండర్ ముందుగా చూపించేది యూఎస్‌పీ క్లాస్ సిక్స్ సర్టిఫికెట్. అది జంతువుల మీద చేసిన పరీక్ష. మీ టిష్యూ 37 డిగ్రీల మీడియాలో వారాల తరబడి ఆ ప్లాస్టిక్‌తో కలిసి ఉంటే ఏమవుతుందో అందులో ఉండదు.

2013లో ప్రచురితమైన ఒక కేసు తెలుసుకోవాలి. సింగిల్ యూజ్ బ్యాగుల ఫిల్మ్ పాడవకుండా ఇర్గాఫాస్ 168 అనే యాంటీఆక్సిడెంట్ కలుపుతారు. అది విరిగి బీడీటీబీపీపీ అనే పదార్థంగా మారి మీడియాలోకి దిగింది. పది లక్షల్లో ఒక వంతు కూడా లేని మోతాదులోనే సీహెచ్ఓ (చైనీస్ హ్యామ్‌స్టర్ అండాశయ) కణాల పెరుగుదలను అడ్డుకుంది. గామా స్టెరిలైజేషన్ ఇలాంటి విచ్ఛిన్నాన్ని పెంచుతుంది. కాబట్టి కొత్త ట్యూబును కాదు, స్టెరిలైజ్ చేసిన ట్యూబునే పరీక్షించాలి. మీ మీడియాలో, మీ కల్చర్ నడిచినన్ని రోజులూ నానబెట్టి, ఆ మీడియాను మీ కణాలకే పెట్టి చూడండి. ఐఎస్ఓ 10993-5 రిపోర్టు అవసరమే. అయితే అందులో సాధారణంగా వాడే ఎలుక కణాలు మొండివి, మీ ప్రైమరీ కణాలు అంత తట్టుకోకపోవచ్చు.

స్టీలైతే 316ఎల్, ప్లాస్టిక్ అయితే పీక్, పాలీసల్ఫోన్ ఆటోక్లేవ్‌ను బాగా తట్టుకుంటాయి. పాలీకార్బొనేట్ పదేపదే ఆటోక్లేవ్ చేస్తే పగుళ్లిస్తుంది, బీపీఏ వదులుతుంది. ఇత్తడి ఫిట్టింగ్ పొరపాటున కూడా వద్దు, రాగి, జింక్ అయాన్లు మోతాదు మించితే కణాలకు విషం. సిలికోన్ అయితే ప్లాటినం క్యూర్డ్ అని కొనుగోలు ఆర్డర్ (పీఓ)లోనే రాయండి. అంత మంచి సిలికోన్ కూడా స్టెరాయిడ్ హార్మోన్లను పీల్చేసుకుంటుంది. మీరు వేసిన హార్మోన్ మోతాదు కణాలకు అందదు, తప్పు ప్రోటోకాల్‌దని వెతుకుతూ కూర్చుంటారు. మెత్తటి పీవీసీలో ప్లాస్టిసైజర్ ఉంటుంది, అదీ మీడియాలోకి దిగుతుంది. రొయ్యల చెరువుల సామాను షాపులో దొరికే గొట్టం చూడ్డానికి ల్యాబ్ ట్యూబులాగే ఉంటుంది, అర్జెంటైనా దాని జోలికి వెళ్లకండి.

కణాలను తాకేవాటిని తగ్గించడానికి ఒక ఉదాహరణ: హైదరాబాద్ ఎల్‌వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి 2011లో 200 మంది రోగుల ఫలితాలు ప్రచురించింది. రోగి సొంత లింబల్ (కార్నియా అంచు) కణాలను, జంతు ఉత్పత్తులు లేని పద్ధతిలో, మావి పొర మీద పెంచారు. కణాలను తాకే వస్తువులు తక్కువైతే వెతకాల్సిన అనుమానితులూ తక్కువే. మీ సెటప్‌లో లేకపోయినా నడిచే కనెక్టర్ ఏదైనా ఉంటే తీసేయండి.

ఫార్ములా మారితే ముందే చెబుతామని వెండర్‌తో రాయించుకోండి. మేనేజర్ చవక ట్యూబ్ తెమ్మంటే కాదనలేరు. కానీ ఆ ట్యూబ్ పరీక్షకు ఎన్ని రోజులు పడుతుందో ఆయనకు మెయిల్‌లో రాసి పంపండి. ప్రతి లాట్ నుంచి ఒక ముక్క కోసి, లాట్ నంబరు, తేదీ వేసి దాచండి. ఆర్నెల్ల తర్వాత బ్యాచ్ పోతే, పోల్చి చూడ్డానికి అదే అక్కరకొస్తుంది.