లోపము ఎచ్చట? కారణమును కనుగొను విధానము

హైదరాబాదు నగరమునకు పశ్చిమమున, మాదాపురమునందు 1998వ సంవత్సరమున సైబర్ టవర్సు భవనము ప్రారంభమైనది. నాటినుండి హైటెక్ సిటీ, గచ్చిబౌలి ప్రాంతములందు కంప్యూటరు సంస్థలు విస్తరించినవి. పని చెడినపుడు లోపమును వెదకుట అచ్చటి ఇంజనీర్లకు నిత్యకృత్యము. వారు అనుసరించు తర్కమునకు కంప్యూటరుతో పనిలేదు. గ్రామమునందలి మంచినీటి పథకమునకును అది వర్తించును.

ఆ పద్ధతి ఇది. అన్నియు సక్రమముగా నున్నచో ఏ పనికి ఏ ఫలితము రావలెనో మొదట నిర్ణయించుకొనవలెను. వచ్చిన ఫలితమును దానితో పోల్చవలెను. ఏ భాగము చెడినచో ఆ తేడా రాగలదో యోచింపవలెను. పిమ్మట ఒకసారికి ఒక్క మార్పే చేసి, ఫలితమును చూచి, అనుమానములను ఒక్కొక్కటిగా తొలగించుకొనవలెను. 1987లో టొరంటో విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞుడు రేమండ్ రైటర్ ఇట్టి తర్కమును సూత్రబద్ధము గావించెను.

ట్యాంకు నిండుట లేదనుకొందము. మోటారు చెడినదని తలచి క్రొత్తది కొనుటకు ముందు, "లోపము కనబడుటకు మునుపు ఏ పని జరిగినది?" అని విచారింపవలెను. ట్రాన్స్‌ఫార్మరుకో, లైనుకో మరమ్మతు జరిగియున్నచో, మూడు ఫేజుల తీగలలో రెండు తారుమారై యుండవచ్చును. అపుడు మోటారు వెనుకకు తిరుగును. చప్పుడు వచ్చును గాని నీరు తగ్గును. ఎలక్ట్రీషియను కరెంటు నిలిపి, ఏ రెండు తీగలనైనను మార్చి కలిపినచో తిరుగుడు సరియగును. అయినను నీరు పెరుగనిచో ఆ అనుమానము తొలగినట్లే. బోరులోని నీటిమట్టమును, గొట్టములను పరీక్షింపవలెను. ముందు జరిగినదెల్ల కారణము కాదు. పరీక్షకు నిలిచినదే కారణము.

రాత్రి నిండిన ట్యాంకు, ఎవరును వాడకయే తెల్లవారునప్పటికి తరుగుచున్నచో, మోటారు నిలిపి, క్రిందికి పోవు వాల్వును మూసి, నీటిమట్టమునకు గుర్తు పెట్టవలెను. మట్టము నిలిచినచో లోపము వీధి గొట్టములందున్నది. తగ్గినచో ట్యాంకునందో, వాల్వునందో యున్నది. వీధి వాల్వులను ఒక్కొక్కటిగా మూసి చూచినచో చెడిన భాగము తెలియును.

ఇది కేవలము నీటి నష్టము కాదు. నీరు బయటకు కారు రంధ్రము ద్వారానే, సరఫరా నిలిచినపుడు మురుగునీరు లోనికి చొరబడును, అతిసారము ప్రబలును. కావున చివరి కుళాయివద్ద లీటరు నీటికి కనీసము 0.2 మిల్లీగ్రాముల క్లోరిను మిగిలియున్నదో లేదో పరీక్షించుచుండవలెను.

పంచాయతీ కార్యాలయమున ఒక పుస్తకము నుంచి, లోపము కనబడిన తేదీ, అంతకుముందు జరిగిన పని, చేసిన పరీక్ష, వచ్చిన ఫలితము వ్రాయింపవలెను. పంపు నడుపువారు మారినను అనుభవము గ్రామమునకు మిగులును. ప్రజాధనము వృథా కాదు.