ఇరుగుపొరుగు ఆరోగ్యమే ఊరికి రక్ష

ఘుగ్గుస్ బొగ్గు గనులతోను, సిమెంటు, ఇనుము కర్మాగారాలతోను పెరిగిన పట్టణం. పని వెదకుకొంటూ వచ్చిన తెలుగు కుటుంబాలెన్నో ఇక్కడ స్థిరపడ్డాయి. అయితే పని దొరికిన చోటనే ఆరోగ్యానికి పరీక్షలూ ఉన్నాయి. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి తీవ్ర కాలుష్య ప్రాంతాలను గుర్తించినప్పుడు, ఆ జాబితాలో చంద్రపూర్ ప్రాంతంతోపాటు ఘుగ్గుస్ కూడా చేరింది. వేసవిలో ఎండ 45 డిగ్రీలు దాటడం ఈ జిల్లాలో సాధారణం.

ఆపద నేర్పిన పాఠం

2022 ఆగస్టులో ఆమ్‌రాయి వార్డులో నేల కుంగి, ఒక ఇల్లు లోతైన గోతిలోకి దిగిపోయింది. ఇంటివారు ప్రాణాలతో బయటపడ్డారు. చుట్టుపక్కల కుటుంబాలను ఇళ్లు ఖాళీ చేయించవలసివచ్చింది. ఇటువంటి వేళ మంచం పట్టిన వృద్ధులు ఏ ఇంట ఉన్నారో, నిండు గర్భిణి ఎవరో, రోజూ మందు తప్పనిది ఎవరికో ముందుగా తెలిసేది ఇరుగుపొరుగు వారికే. ఆ ఎరుక ఆపద వచ్చిన నాడు పుట్టదు. మామూలు రోజుల పలకరింపులోనే పెరుగుతుంది.

1995 జూలైలో అమెరికాలోని షికాగో నగరంలో వడగాలులకు 700 మందికి పైగా మరణించారు. వారిలో ఒంటరిగా బ్రతుకుతున్న వృద్ధులు అధికం. తలుపు తట్టి పలకరించేవారు లేకపోవడమూ ఒక ప్రమాదమేనని ఆ ఘటన చాటింది.

వడదెబ్బ తగిలితే

ఒళ్లు కాలిపోతూ, మాట తడబడుతూ, స్పృహ తప్పుతుంటే అది ప్రాణాపాయం. వెంటనే 108కి ఫోను చేయాలి. రోగిని నీడకు చేర్చి, బట్టలు వదులుచేసి, ఒంటిని చల్లని నీటితో తడుపుతూ విసరాలి. స్పృహ లేనివారి నోట నీరు పోయరాదు. స్పృహ ఉండి, మ్రింగగలిగినవారికి కొద్దికొద్దిగా నీరు ఇవ్వవచ్చు.

దగ్గును దాచవద్దు

రెండు వారాలకు మించిన దగ్గు క్షయకు సూచన కావచ్చు. రాతి ధూళిలోని సిలికా ఊపిరితిత్తులను దెబ్బతీసి, క్షయ ముప్పును పెంచుతుంది. కూలి పోతుందన్న భయంతో దగ్గును దాచితే, వ్యాధి ఇంటిల్లిపాదికీ సోకవచ్చు. ప్రభుత్వ ఆసుపత్రులలో క్షయ పరీక్ష, చికిత్స ఉచితం. మందు మధ్యలో మానరాదు.

మరాఠీ రాదన్న సంకోచంతో వైద్యాన్ని వాయిదా వేయడం తగదు. భాష తెలిసిన పొరుగువారు ఒకరు తోడు వెళ్లినా చాలు, రోగి బాధ వైద్యునికి సరిగా చేరుతుంది. వార్డులోని ఆశా కార్యకర్త సాయమూ కోరవచ్చు.

చర్చకు ప్రశ్నలు

1. మీ వీధిలో ఒంటరిగా ఉన్న వృద్ధులెవరు? ఎండాకాలంలో వారిని రోజూ పలకరించేది ఎవరు?
2. రాత్రివేళ ఇళ్లు ఖాళీ చేయవలసివస్తే మొదట ఎవరికి సాయం కావాలి?
3. ఆసుపత్రికి తోడు రాగల మరాఠీ తెలిసినవారు మీ వాడలో ఎవరు?