చక్కెరకు గాదె మన కండరమే

1996లో అట్లాంటా ఒలింపిక్ క్రీడలలో, బ్రాంప్టన్‌కు చేరువలోని ఓక్‌విల్‌లో పెరిగిన డోనవన్ బెయిలీ నూరు మీటర్ల పరుగును 9.84 సెకన్లలో ముగించి ప్రపంచ రికార్డు నెలకొల్పారు. అంత స్వల్ప వ్యవధిలో అంత శక్తి కండరాలకు ఎక్కడినుండి లభిస్తుంది? ఈ ప్రశ్నకు సమాధానంలో ప్రధాన భాగాన్ని అందించినవారు భీమవరంలో జన్మించిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారు.

1927లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి ఆయన కండరంలో ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థాన్ని కనుగొన్నారు. 1929లో వారిద్దరూ, జర్మనీలో కార్ల్ లోమాన్ విడిగా, ఏ.టి.పి.ని గుర్తించారు. కండరం నేరుగా ఖర్చుచేసే శక్తి నాణెం ఏ.టి.పి.యే. దాని నిల్వ కొద్ది సెకన్లకే చాలుతుంది. తరిగిన ఏ.టి.పి.ని తక్షణమే పూరించేది ఫాస్ఫోక్రియాటిన్. సుమారు పది సెకన్ల తీవ్రమైన శ్రమకు ఇదే ముఖ్యాధారం.

క్రియాటిన్‌ను ఆహారంతోపాటు తీసుకుంటే కండరంలో దాని నిల్వ పెరుగుతుందని 1992లో హారిస్, సోడర్‌లుండ్, హల్ట్‌మన్ నిరూపించారు. నాటినుండి క్రీడాకారులలో దాని వాడకం ప్రబలింది. మాంసం, చేపలలో క్రియాటిన్ ఉంటుంది కనుక శాకాహారుల కండరాలలో దాని నిల్వ కొంత తక్కువ. అయితే ఈ పొడి వ్యాయామానికి ప్రత్యామ్నాయం కాదు. మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు వైద్యుని సలహా లేకుండా దీనిని వాడరాదు.

పరుగెత్తనివారికి కూడా కండరంతో మరొక పెద్ద ప్రయోజనం ఉన్నది. భోజనానంతరం రక్తంలో చేరే చక్కెరలో అధికభాగాన్ని స్వీకరించే గాదె కండరమే. ఆ గాదె తలుపు తెరిచే తాళంచెవి ఇన్సులిన్. దీనిని 1921లో టొరంటోలోనే కనుగొన్నారు. మధుమేహం రెండవ రకంలో ఈ తాళంచెవి సరిగా తిరగదు. కానీ కండరం పనిచేసినపుడు ఏ.టి.పి. ఖర్చై, ఆ లోటును పసిగట్టే ఎ.ఎం.పి.కె. అనే ఎంజైము మేల్కొంటుంది. అప్పుడు ఇన్సులిన్ సహాయం లేకున్నా, గ్లూట్-4 అనే వాహకాలు కణం అంచుకు చేరి చక్కెరను లోనికి అనుమతిస్తాయి. ఈ రెండవ తలుపు మధుమేహ రోగులలో కూడా చక్కగా తెరుచుకుంటుంది.

దక్షిణాసియా కుటుంబాలకు ఇది ప్రత్యేకించి ముఖ్యం. 2004లో లాన్సెట్ పత్రికలో యాజ్ఞిక్, యుడ్కిన్ అనే ఇద్దరు వైద్యులు తమ ఫోటోనే ప్రచురించారు. ఇద్దరి బి.ఎం.ఐ. 22.3, కానీ శరీరంలోని కొవ్వు భారతీయునిలో 21.2 శాతం, ఆంగ్లేయునిలో 9.1 శాతం. సన్నగా కనిపించినంత మాత్రాన కండరం చాలినంత ఉన్నదని అనుకోరాదు. 2021 జనాభా లెక్కల ప్రకారం సగానికి పైగా దక్షిణాసియా సంతతివారే నివసించే బ్రాంప్టన్‌లో ఈ హెచ్చరిక ఇంటింటికీ వర్తిస్తుంది.

వారానికి కనీసం 150 నిమిషాల చురుకైన నడక, రెండు రోజులు కండరాలను బలపరిచే వ్యాయామం అవసరమని 2020లో వెలువడిన కెనడా మార్గదర్శకాలు చెప్పుచున్నవి. వేసవిలో చింగువాకూసీ పార్కు ఉండనే ఉన్నది. మంచు కురిసే నెలలలో షాపింగ్ మాల్ నడవాలు, బేస్‌మెంట్ మెట్లు చాలును. మన ఇళ్లలోని పెద్దలు కుర్చీలోనుండి చేతుల ఆసరా లేకుండా పదిసార్లు లేచి కూర్చున్నా తొడ కండరాలకు పని దొరుకుతుంది. మందులు వాడేవారు మాత్రం చక్కెర మరీ తగ్గకుండా వైద్యుని సంప్రదించి ప్రారంభించవలెను. రాత్రి భోజనం కాగానే టీ.వీ. ముందు కూర్చొనక, కుటుంబమంతా పదిహేను నిమిషాలు నడిస్తే చక్కెర చేరవలసిన గాదెకే చేరుతుంది.